విదేశంలో మరణించిన ఆత్మీయుల భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడం: ఏర్పాట్లు, ఖర్చులు

ఎదురుచూపు:

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగం కోసం విదేశానికి వెళ్లిన మా తమ్ముడు మొన్న రాత్రి నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 34 సంవత్సరాలు. గదిలో కలిసి ఉండేవారు ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికే ప్రాణం పోయిందని అక్కడి వైద్యులు చెప్పారు. ప్రస్తుతం దేహం ప్రభుత్వ మార్చురీలో ఉంది. అమ్మానాన్నలు పెద్దవారు, మరదలికి ఇద్దరు చిన్న పిల్లలు, అందుచేత ఫోన్లన్నీ అక్కనైన నాకే వస్తున్నాయి. కంపెనీ ప్రతినిధి కొన్ని కాగితాలు పంపుతాననీ, వాటిపై సంతకాలు చేసి తిరిగి పంపితే మిగతాదంతా తాము చూసుకుంటామనీ అన్నారు. మరోవైపు ఒక ఏజెంటు తనంతట తానే ఫోన్ చేసి, ఈరోజే అడ్వాన్సు పంపితే మూడు రోజుల్లో పెట్టె విమానం ఎక్కిస్తానంటున్నాడు. ముందు ఎవరికి చెప్పాలో, దేనికి డబ్బు కట్టాలో, దేనిమీద సంతకం చేయకూడదో నాకు పాలుపోవడం లేదు. అమ్మ మాత్రం వాణ్ణి ఒక్కసారి చూపించమని అడుగుతోంది, అంతే.

గట్టుమీద దీపం:

ఎదురుచూపు గారూ, మీకు కలిగిన కష్టానికి చాలా బాధగా ఉంది. వలస కార్మికుల కుటుంబాలకు ఇటువంటి పనుల్లో సహాయం చేస్తున్నవాణ్ణి కనుక, ఈరోజు చేయవలసినవి మాత్రమే చెబుతాను. ఆ ఏజెంటుకు ఈరోజు ఒక్క పైసా కూడా పంపవద్దు. మరణానికి కారణాన్ని అధికారులు నమోదు చేసి, దేహాన్ని అప్పగించవచ్చని రాతపూర్వకంగా చెప్పేవరకూ ఏ ఏజెంటూ పెట్టెను కదిలించలేడు. అంటే అతను ఇస్తున్న మూడు రోజుల హామీ అతని చేతిలో లేనిది.

ముందుగా ఆ దేశంలో ఉన్న మన రాయబార కార్యాలయానికి మీరే స్వయంగా ఫోన్ చేసి, అదే సంగతిని మెయిల్ ద్వారా కూడా తెలియజేయండి. తమ దేశంలో విదేశీయుడు మరణించినప్పుడు ఆ సంగతిని సంబంధిత కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా తెలియజేయాలని 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 37వ అధికరణం చెబుతోంది. కానీ ఆసుపత్రి నుంచి పోలీసులకు, పోలీసుల నుంచి మంత్రిత్వ శాఖకు, అక్కడి నుంచి కాన్సులేట్‌కు కబురు చేరేలోపు రోజులు గడిచిపోతాయి. కుటుంబం నుంచి నేరుగా మెయిల్ వెళితే దస్త్రం ఆరోజే తెరుచుకుంటుంది. అందులో పూర్తి పేరు, పాస్‌పోర్టు సంఖ్య, మరణించిన తేదీ, మార్చురీ ఉన్న చోటు, యజమాని వివరాలు, మీ ఫోన్ నంబరు ఉండాలి.

రాయబార కార్యాలయం సాధారణంగా రవాణా ఖర్చు భరించదు, పెట్టెను తానే పంపదు. అది చేసే పని మరణాన్ని నమోదు చేయడం, పాస్‌పోర్టును రద్దు చేయడం, దేహాన్ని స్వదేశానికి పంపడానికి నిరభ్యంతర పత్రం ఇవ్వడం, స్థానికంగా ఆ పని చేసే సంస్థల జాబితా అందించడం. ఆ జాబితాలోని ఇద్దరు ముగ్గురి దగ్గర అంచనాలు తీసుకోండి. కొన్ని ప్రభుత్వాలు నిరుపేద కుటుంబాల కోసం సంక్షేమ నిధిని నడుపుతున్నాయి కాబట్టి అటువంటి నిధి ఉందా అని మొదటి మెయిల్‌లోనే అడగండి. అడగనివారికి దాని గురించి ఎవరూ చెప్పకపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకొక ముఖ్యమైన సంగతి. చాలా దేశాల్లో భార్యే మొదటి వారసురాలు కనుక, దేహాన్ని ఎవరికి అప్పగించాలో, ఎక్కడికి పంపాలో చెప్పే అధికార పత్రం మీ మరదలి పేరుమీద ఉండాలి. అక్కగా మీరు సంతకం చేస్తే అది వెనక్కి తిరిగివచ్చే ప్రమాదం ఉంది. దాన్ని నోటరీ చేయించి, అపొస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) అవసరమో కాదో కాన్సులేట్‌ను అడగండి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఆ దేశం కూడా చేరి ఉంటే అపొస్టిల్ ముద్ర ఒక్కటే చాలు, లేకపోతే రాయబార కార్యాలయం ద్వారా ధ్రువీకరణ చేయించవలసి వస్తుంది.

బీమా దస్త్రం:

పై సభ్యులు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. బీమా క్లెయిముల విభాగంలో చాలాకాలం పనిచేశాను. తమ్ముడి పేరుమీద ఏ బీమా ఉందో ఈ రాత్రికే వెతకండి. ఉద్యోగ ఒప్పందంతో పాటు ఇచ్చిన బృంద బీమా, వీసా కోసం తీసుకున్న పాలసీ, ప్రయాణ బీమా, బ్యాంకు కార్డుతో వచ్చే బీమా, వీటిలో ఏదో ఒకదానిలో "భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చడం" అనే అంశం ఉండే అవకాశం ఉంది. ఉంటే ఇరవైనాలుగు గంటలూ పనిచేసే సహాయ కేంద్రం నంబరు పాలసీ మీదే ఉంటుంది. ఏ ఖర్చు పెట్టకముందే ఆ నంబరుకు ఫోన్ చేయాలి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా పాలసీలలో ఈ పనిని బీమా కంపెనీ నియమించిన సహాయ సంస్థే చేయాలనీ, ముందస్తు అనుమతి లేకుండా కుటుంబం పెట్టిన ఖర్చును తిరస్కరించవచ్చనీ నిబంధన ఉంటుంది. దుఃఖంలో ఉన్నవారు అందిన ఏజెంటుకు డబ్బు కట్టేసి, నెల తర్వాత రసీదులతో మా దగ్గరకు వచ్చేవారు. ఆ దస్త్రాలను చూడడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది, ఎందుకంటే ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ డబ్బంతా వారికి మిగిలేది. ఫోన్ చేసినప్పుడు కేసు నంబరు తీసుకోండి, మాట్లాడినవారి పేరూ సమయమూ రాసిపెట్టుకోండి.

మినహాయింపులు కూడా చదవాలి. ముందునుంచీ ఉన్న జబ్బు, మద్యం ప్రభావం, ప్రమాదకరమైన క్రీడలు వంటివి తరచుగా మినహాయింపుల్లో కనబడతాయి. రవాణాకు గరిష్ఠ మొత్తం వేరుగా రాసి ఉంటుంది, మొత్తం బీమా విలువ అది కాదు.

ఎదురుచూపు:

అందరికీ కృతజ్ఞతలు. ఉదయం రాయబార కార్యాలయానికి మెయిల్ పంపాను, మధ్యాహ్నానికే జవాబు వచ్చింది. మరదలి పేరుమీద అధికార పత్రం సిద్ధమవుతోంది. కంపెనీ పంపిన కాగితాలు కూడా వచ్చాయి. వాటిలో ఒకటి దేహాన్ని పంపడానికి సమ్మతి పత్రం. రెండవదానిలో, అతనికి రావలసిన జీతభత్యాలన్నీ ముట్టాయనీ ఇకపై కంపెనీ నుంచి ఏమీ కోరబోమనీ ఉంది. మొత్తం రాయవలసిన చోటు ఖాళీగా వదిలారు. రెండూ ఒకే దస్త్రంలో పెట్టి, రెండింటిమీదా సంతకం అయితేనే ముందుకు కదులుతుందన్నట్టు మాట్లాడుతున్నారు. మరదలు సంతకం పెట్టేద్దామంటోంది. ఆలస్యం కాకూడదన్నదే ఆమె ఆవేదన.

గట్టుమీద దీపం:

రెండవదానిమీద సంతకం పెట్టనివ్వకండి. దేహాన్ని పంపడం ఒక పని, బకాయిలు తేల్చడం మరొక పని. రెండింటికీ ముడిపెట్టే హక్కు ఎవరికీ లేదు. మొదటి పత్రంపై మాత్రం సంతకం చేసి, రెండవదాన్ని కాన్సులేట్‌లోని కార్మిక సంక్షేమ అధికారికి పంపి, లెక్కలు చూసిన తర్వాత జవాబిస్తామని మర్యాదగా, రాతపూర్వకంగా తెలియజేయండి. వలస కార్మికులను ఎక్కువగా తీసుకునే అనేక దేశాల్లో, భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు యజమానిదేనని కార్మిక చట్టమే చెబుతుంది. ఉద్యోగ ఒప్పందంలోనూ ఆ షరతు ఉందేమో చూడండి. వలస కార్మికుల హక్కులపై 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలోని 71వ అధికరణం కూడా, అందులో చేరిన దేశాలు మరణించిన కార్మికుల దేహాలు స్వదేశం చేరడానికి అవసరమైనప్పుడు వీలు కల్పించాలని చెబుతోంది. అయితే చాలా దేశాలు ఆ ఒప్పందంలో చేరలేదు కనుక, మీ చేతిలో బలమైన ఆధారం స్థానిక కార్మిక చట్టమూ ఉద్యోగ ఒప్పందమూ మాత్రమే.

సముద్రపు దారి:

ఇది చదివేవారిలో నావికుల కుటుంబాలు కూడా ఉండవచ్చు కాబట్టి రాస్తున్నాను. ఓడ ఉద్యోగంలో ఉండగా, ఓడ మీద గాని రేవులో గాని మరణం సంభవిస్తే అంత్యక్రియల ఖర్చు ఓడ యజమానిదేనని 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం చెబుతోంది. మరణించినవారి వస్తువులను భద్రపరచి కుటుంబానికి పంపే బాధ్యత కూడా అతనిదే. 2017 జనవరి నుంచి, మరణ పరిహారానికి ఆర్థిక హామీ ఉన్నట్టు చూపే ధ్రువపత్రం ఓడలోనే అందరికీ కనబడేలా పెట్టాలి. యజమాని ఫోన్ ఎత్తకపోతే ఆ ధ్రువపత్రంలో పేరున్న బీమా సంస్థను నేరుగా సంప్రదించవచ్చు. నా తోటి ఉద్యోగి కుటుంబం ఈ మార్గం తెలియక రెండు నెలలు ఎదురుచూసింది.

రవాణా మిత్రుడు:

విమాన సరకు విభాగంలో ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. డబ్బు ఎక్కడెక్కడ ఖర్చవుతుందో తెలిస్తే మోసపోకుండా ఉండగలరు, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

భౌతికకాయం విమానంలో సరకుగానే ప్రయాణిస్తుంది. ఈ మాట వినడానికి బాధగా ఉన్నా, ఏర్పాట్లన్నీ దాన్నిబట్టే ఉంటాయి కాబట్టి తెలిసి ఉండాలి. విమానయాన సంస్థల పత్రాల్లో దీనికి హెచ్‌యూఎం అనే ప్రత్యేక సంకేతం ఉంటుంది. ఈ సంకేతం ఉన్న పెట్టెను ఆహార పదార్థాలకు దూరంగా, అడ్డంగానే ఉంచి, మిగతా సరకులకంటే జాగ్రత్తగా చూస్తారు. ఛార్జీ కొన్ని సంస్థల్లో బరువునుబట్టి, కొన్నిచోట్ల పెట్టె పరిమాణాన్నిబట్టి, మరికొన్నిచోట్ల పెట్టెకింత అని ఉంటుంది. అందువల్ల ఒకే దారిలో రెండు సంస్థల మధ్య తేడా చాలా ఉండవచ్చు. అలంకారాలున్న బరువైన పెట్టెను ఎంచుకుంటే పెట్టె ధరతో పాటు విమాన ఛార్జీ కూడా పెరుగుతుందన్న సంగతిని అమ్మేవారు చెప్పరు.

ఏజెంటు ఇచ్చే అంచనాలో మార్చురీ రోజువారీ రుసుము, ఎంబామింగ్ (దేహం పాడవకుండా రసాయనాలు ఎక్కించడం), పెట్టె, పత్రాల అనువాదమూ ధ్రువీకరణా, విమానాశ్రయం వరకు వాహనం, విమాన ఛార్జీ విడివిడిగా కనబడాలి. అన్నింటికీ కలిపి ఒకే మొత్తం చెబితే, విడదీసి రాసివ్వమని అడగండి. దిగే విమానాశ్రయంలో పెట్టెను విడిపించడానికి అయ్యే ఖర్చు, అక్కడి నుంచి ఇంటివరకు వాహనం ఖర్చు అందులో ఉన్నాయో లేదో తప్పకుండా అడగాలి. చాలామంది ఖర్చు అయిపోయిందనుకున్న తర్వాత ఎదురయ్యేది ఇదే.

వీలైనంతవరకు మధ్యలో మారనవసరం లేని విమానాన్ని ఎంచుకోండి. మారవలసిన చోట ఆ దేశపు నిబంధనలు కూడా వర్తించవచ్చు, పైగా రెండవ విమానం చిన్నదైతే దాని సరకు తలుపు గుండా పెట్టె పట్టకపోవచ్చు. నా ఉద్యోగకాలంలో ఆ కారణంగా ఒక పెట్టె ఒక రాత్రంతా మధ్య విమానాశ్రయంలో ఉండిపోయింది. బయట నిలబడ్డ కుటుంబానికి ఆ మాట చెప్పవలసిన బాధ్యత నామీదే పడింది. ఆరోజు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఎదురుచూపు:

రవాణా మిత్రుడు గారూ, ఎంబామింగ్ తప్పనిసరా? మా నాన్నగారికి అది ఇష్టం లేదు. మరొక సందేహం కూడా మమ్మల్ని వేధిస్తోంది. 34 ఏళ్ల ఆరోగ్యవంతుడు నిద్రలో ఎలా పోతాడని నాన్నగారు పదేపదే అడుగుతున్నారు.

రవాణా మిత్రుడు:

చాలా దేశాలు, చాలా విమానయాన సంస్థలు ఎంబామింగ్ ధ్రువపత్రం లేకుండా పెట్టెను అంగీకరించవు. మతపరమైన కారణాలతో మినహాయింపు ఇచ్చే చోట్ల కూడా, గాలి చొరబడని విధంగా మూసిన లోపలి పెట్టె తప్పనిసరి చేస్తారు. ఐరోపా దేశాల మధ్య 1973లో స్ట్రాస్‌బర్గ్‌లో కుదిరిన ఒప్పందం పెట్టె ఎలా ఉండాలో కూడా చెబుతుంది. బయటి చెక్క పెట్టె గోడలు కనీసం 20 మిల్లీమీటర్ల మందం ఉండి, లోపల అతుకులు గట్టిగా సీలు చేసిన జింకు పెట్టె ఉండాలి, లేదా 30 మిల్లీమీటర్ల మందం గల ఒకే చెక్క పెట్టెకు లోపల జింకు రేకు తాపడం చేయాలి. అడుగున ద్రవాన్ని పీల్చుకునే పదార్థం ఉంచాలి. దేహానికి ప్రత్యేక ప్రయాణ అనుమతి పత్రం జతచేయాలన్న పద్ధతి అంతకుముందే 1937 నాటి బెర్లిన్ ఒప్పందంలో ఉంది. మీరు అడుగుతున్న దేశానికి ఏ నియమం వర్తిస్తుందో కాన్సులేటే చెప్పాలి.

గట్టుమీద దీపం:

నాన్నగారి సందేహం విషయంలో ఆలస్యం చేయకూడదు. ఎంబామింగ్‌లో వాడే ఫార్మాల్డిహైడ్ రక్తంలోనూ అవయవాల్లోనూ ఉన్న అనేక మందుల, విషపదార్థాల ఆనవాళ్లను గుర్తించడం కష్టతరం చేస్తుంది. ఇంటికి వచ్చాక రెండవసారి పోస్ట్‌మార్టం చేయించుకుందామనుకుంటే అప్పటికి తెలుసుకోగలిగినది తగ్గిపోతుంది. అందువల్ల అనుమానం ఉంటే ఎంబామింగ్‌కు ముందే, కాన్సులేట్ ద్వారా అక్కడి అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి, పోస్ట్‌మార్టం జరిగిందా, నమూనాలు భద్రపరిచారా అని అడగాలి. దీనివల్ల కొన్ని రోజులు ఆలస్యం కావచ్చు. చిన్న వయసులో గుండె లయ తప్పి నిద్రలోనే మరణించడం వైద్యులకు తెలిసిన సంగతే, కాబట్టి అనుమానమే నిజమని ముందే అనుకోనక్కరలేదు. అయినా, జీవితాంతం మనసులో ఆ ప్రశ్న మిగిలిపోవడం కంటే నాలుగు రోజులు ఆగడం మేలని నా అభిప్రాయం.

తెల్లకాగితం:

నేను కాస్త భిన్నమైన మాట చెప్పాలనుకుంటున్నాను, నన్ను క్షమించండి. మా అమ్మ మమ్మల్ని చూడడానికి వచ్చి మా దగ్గరే కన్నుమూసింది. బీమా ఆమె గుండెజబ్బు పాతదని తిరస్కరించింది. దేహాన్ని పంపడానికి మా శక్తి చాలలేదు. అక్కడే దహనం చేయించి, అస్థికలను నేను చేతి సంచిలో పెట్టుకుని తీసుకువెళ్లాను. దానికి దహన ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, కాన్సులేట్ ఇచ్చిన లేఖ అవసరమయ్యాయి. పాత్ర లోహంతో చేసినది కాకుండా చూసుకోమన్నారు. తనిఖీ యంత్రంలో లోపలిది కనబడకపోతే అనుమతించరు, సిబ్బంది కూడా దాన్ని తెరిపించరు. మొత్తం బరువు మూడు కిలోల లోపే. ఖర్చు విమానంలో పెట్టెను పంపడానికి చెప్పినదానిలో చిన్న భాగం.

అప్పుడు మా బంధువుల్లో కొందరు నన్ను నిందించారు. అప్పు చేసి అయినా తీసుకురావలసిందన్నారు. కానీ ఆ అప్పు తీర్చవలసింది నా పిల్లల చదువు డబ్బుతో. అమ్మ బతికి ఉంటే ఒప్పుకునేది కాదు. ఎవరైనా ఈ దారి ఎంచుకుంటే అది ప్రేమ తక్కువై కాదని చెప్పడానికే ఇది రాశాను.

బీమా దస్త్రం:

తెల్లకాగితం గారి మాటలతో నేను ఏకీభవిస్తున్నాను. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. దహనం తర్వాత ఏ పరీక్షకూ అవకాశం ఉండదు. ప్రమాద బీమా గాని, యజమాని పరిహారం గాని మరణ కారణంపై ఆధారపడి ఉంటే, పోస్ట్‌మార్టం నివేదిక చేతికి వచ్చిన తర్వాతే ఆ నిర్ణయం తీసుకోవడం మంచిది.

ఎదురుచూపు:

తెల్లకాగితం గారూ, మీ మాటలు అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, చూడకుండా నమ్మలేనంది. కనుక తమ్ముణ్ణి తీసుకువస్తాము. అయితే కంపెనీ విమాన ఛార్జీకి మాత్రమే ఒప్పుకుంది. మిగతా ఖర్చుకు అతని స్నేహితులు ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరిస్తామంటున్నారు. అతని బ్యాంకు ఖాతాలో డబ్బు ఉంది గాని, మరణవార్త తెలియగానే బ్యాంకు ఖాతాను నిలిపివేసింది.

గట్టుమీద దీపం:

విరాళాల సేకరణ తప్పు కాదు, కానీ ఒకే చోట, ఒకే ఖాతాకు జరగాలి. ఎవరికివారు మొదలుపెడితే లెక్క తప్పుతుంది, తర్వాత మాటలు పడవలసి వచ్చేది మీ మరదలు. సేకరణ వేదికల నుంచి డబ్బు చేతికి రావడానికి రోజులు పట్టవచ్చు, అందువల్ల మార్చురీకీ ఏజెంటుకూ వాయిదాలు అడిగి ఉంచండి. వీలైతే డబ్బు నేరుగా అంత్యక్రియల సంస్థ ఖాతాకు వెళ్లే ఏర్పాటు చేసి, బిల్లులు దాతలకు చూపించండి. పాస్‌పోర్టు ఫొటోను, మార్చురీ ఫొటోలను ఎక్కడా పెట్టవద్దు. వాటితో వేరొకరు దొంగ సేకరణ మొదలుపెట్టిన ఉదంతం నేను చూశాను.

నిర్వాహకులు:

దయచేసి ఈ చర్చలో ఎవరూ బ్యాంకు ఖాతా వివరాలు, విరాళాల లింకులు ఉంచవద్దు. ఉంచిన రెండింటిని తొలగించాము. ఏజెంట్ల ప్రకటనలను కూడా తొలగిస్తాము.

ఎదురుచూపు:

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. పోస్ట్‌మార్టం అయింది. మరణ కారణం గుండెకు సంబంధించినదని నివేదిక వచ్చింది. నాన్నగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నారు, తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. కంపెనీ బృంద బీమాలో రవాణా అంశం ఉన్నట్టు బీమా దస్త్రం గారు చెప్పిన తర్వాతే తెలిసింది. సహాయ సంస్థ ఎంబామింగ్, పెట్టె, పత్రాల ఖర్చు తానే చెల్లించింది. విరాళాల సేకరణ ఆపించి, అప్పటికి వచ్చినదాన్ని ఇచ్చినవారికే తిరిగి పంపించాము. రేపు రాత్రి విమానం. విమానాశ్రయంలో ఏం చేయాలో చెప్పగలరా?

రవాణా మిత్రుడు:

ప్రయాణికులు వచ్చే ద్వారం దగ్గరకు కాదు, సరకుల టెర్మినల్‌కు వెళ్లాలి. ఈ తేడా తెలియక గంటల తరబడి తప్పు చోట నిలబడినవారిని చూశాను. ఎయిర్‌వే బిల్లు (విమాన సరకు రవాణా పత్రం) నంబరు ఈరోజే తెప్పించుకోండి. దానిలో స్వీకరించేవారిగా ఎవరి పేరుందో వారే గుర్తింపు కార్డుతో రావాలి, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ ధ్రువపత్రం, నిరభ్యంతర పత్రం, రద్దుచేసిన పాస్‌పోర్టు, వీటి ప్రతులు మూడేసి చొప్పున దగ్గర ఉంచుకోండి. విమానం దిగిన తర్వాత ఆరోగ్య శాఖ, కస్టమ్స్ అనుమతులకు రెండు మూడు గంటలు పట్టవచ్చు, కాబట్టి పెద్దవారిని అక్కడికి తీసుకురాకండి. పెట్టె పొడవు దాదాపు రెండు మీటర్లు దాటుతుంది, దానికి సరిపడే వాహనాన్ని పిలవండి, ఎత్తడానికి కనీసం ఆరుగురు ఉండాలి.

మరొక సంగతి చెప్పడానికి మనసు రావడం లేదు గాని చెప్పాలి. అమ్మగారికి చూపించే ముందు ఇంట్లో ఒకరు ముందుగా చూడండి. పెట్టె మూసినప్పటి నుంచి ఎన్ని రోజులయిందన్నదాన్నిబట్టి ముఖం మారి ఉండవచ్చు. లోపలి పెట్టెను సీలు చేసి ఉంటే, దాన్ని తెరవవచ్చునో లేదో పంపిన సంస్థను రాతపూర్వకంగా అడగండి. అంటువ్యాధి కారణంగా మూసిన పెట్టెలను ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు, మీ తమ్ముడి విషయంలో ఆ ఇబ్బంది లేదు.

ఎదురుచూపు:

తమ్ముడు ఇంటికి చేరాడు. మరదలి అన్నయ్య ముందుగా చూసి తలూపాడు, ఆ తర్వాతే అమ్మను తీసుకువెళ్లాము. అతని ముఖం ప్రశాంతంగా ఉంది. అమ్మ చాలాసేపు అతని నుదుటిమీద చేయి ఉంచి కూర్చుంది.

జీతం బకాయిలు, మరణ పరిహారం సంగతి ఇంకా తేలలేదు. రెండవ కాగితంపై మరదలు సంతకం పెట్టలేదు కాబట్టి ఆ దారి తెరిచే ఉంది. గట్టుమీద దీపం గారూ, కార్మిక సంక్షేమ అధికారి లెక్క వివరాలు అడిగారు, వచ్చే వారం జీతం చీటీలన్నీ పంపుతున్నాను. వాటిలో ఏవి ముఖ్యమో ఒకసారి చెప్పగలరా?

గట్టుమీద దీపం:

చివరి పన్నెండు నెలల చీటీలు, ఉద్యోగ ఒప్పందం, చేరిన తేదీ చూపే ఏదైనా కాగితం, వాడుకోని సెలవుల లెక్క. వీటితో పాటు వారసత్వ ధ్రువపత్రం కూడా సిద్ధం చేసుకోండి, పిల్లల పేర్లు అందులో తప్పకుండా ఉండాలి. మిగతాది లెక్క వచ్చాక చూద్దాం, నేను ఇక్కడే ఉంటాను.